కోయని చొక్కా

హలో… ఆ, నేనే మామయ్యా, మెరిన్‌ని. …వచ్చేసింది. ఇప్పుడే, పావుగంట కింద.

…తుపాకీ, మామయ్యా. మీరు వద్దన్నదే.

…అవును. తుపాకుల కొట్టు ఓపల్ గారికి తనిఖీ వాళ్ళ దగ్గర్నుంచి ఫోనొచ్చింది, ఈ అమ్మాయి మీద ఏ కేసులూ లేవు, ఇవ్వచ్చు అని. మూడు రోజుల్నుంచి ఆగమన్నవాళ్ళు అర నిమిషంలో తేల్చేశారు. నేను కౌంటర్ పట్టుకుని… ఏడ్చాననుకోండి. కొంచెమే.

…లేదు లేదు, సంతోషానికే. సగం అలసటకి.

…కొట్టు బయటే, ట్రక్కులో కూర్చున్నాను. బూట్లలోకి మంచు పోయి మేజోళ్ళు తడిసి ముద్దయ్యాయి. విప్పి హీటర్ ముందు ఆరేశాను. ఒళ్ళో మాంసం, బంగాళాదుంప కూరిన వేడి పేస్టీ ఉంది. బంగాళాదుంప ముక్క ఒకటి నోట్లో పెట్టుకుంటే… చెప్పలేను మామయ్యా, ఈ వారం మొత్తంలో నాకు జరిగిన మంచి అదే. అదీ, ఆ ఫోనూ.

…అత్తయ్య పక్కనే ఉన్నారా? అయితే మీరు కొంచెం గరాజ్‌లోకి వెళ్ళండి. ఆవిడకి తెలిస్తే నేను ఇంటికి చేరేలోపు మీ అబ్బాయి గారెట్‌కి తెలిసిపోతుంది.

…

…వెళ్ళారా? తలుపు వేశారా? …సరే.

…ఎందుకాగిందంటే, నా వల్లే. చెప్తే నవ్వుతారు. మొదటి రోజు ఫారం మీద పేరు దగ్గర మెరిన్ లెహ్తో అని రాశాను. పెళ్ళయి ఏడు వారాలేగా, ఎక్కడ ఖాళీ కనిపిస్తే అక్కడ లెహ్తో అని రాసేస్తున్నాను. క్లాసులో బోర్డు మీద, పిల్లల లెక్కల కాగితాల మీద, మొన్న మంచు పట్టిన కారు అద్దం మీద కూడా. లైసెన్సులో ఏమో ఇంకా మా పుట్టింటి పేరు ట్రెవారో అనే ఉంది. ఓపల్ గారు కళ్ళద్దాలు పైకి తోసుకుని, ‘వీళ్ళిద్దర్లో నువ్వెవరు తల్లీ’ అన్నారు.

…నవ్వండి, నవ్వండి. బడి వదిలాక నలభై మైళ్ళు ఆ మంచులో వెళ్ళి, లైన్లో నిలబడి పేరు మార్పించుకుని, మళ్ళీ నలభై మైళ్ళు వచ్చి ఫారం నింపితే… ‘ఆగండి’. మీ ఇంటిపేరు బరువుగానే ఉంది మామయ్యా.

…ఆ, అదీ అడిగాను. మా ఆయన కోసం కొంటే తప్పు కాదా అని. నా డబ్బుతో నేను కొని మనసారా కానుకిస్తే తప్పు లేదన్నారు. ఆయన మీదా కేసులేమీ ఉండకూడదంతే. …లేవు. పదహారేళ్ళప్పుడు మీ ట్రక్కు చెప్పకుండా తీసుకెళ్ళాడు చూడండి, అది లెక్కలోకి రాదట.

…ఊఁ.

…మామయ్యా, ఆ మాట ఆదివారమే అన్నారు. వైనో తాతగారి తుపాకీ ఉండగా ఇంకోటెందుకని. అప్పుడు నేను మాట్లాడలేదు, అందరూ భోజనానికి కూర్చున్నారు కాబట్టి. ఇప్పుడు చెప్పనా?

…తాతగారిది మంచిదే. దానికి వంక పెట్టేంతదాన్ని కాను. కానీ దానికి ప్రతిసారీ కింద లీవర్ లాగాలి కదా, తూటా తూటాకీ. ఆ లీవర్ దేంతో లాగుతారు? మీ చెయ్యి చూసుకోండి ఒకసారి.

…చూపుడు వేలు కాదు. మిగతా మూడు వేళ్ళతో.

…

…అవే. గారెట్‌కి ముడుచుకోనివి ఆ మూడే.

…చూపుడు వేలు బాగానే ఉంది. ట్రిగ్గర్ నొక్కగలడు. నా ముక్కూ బాగానే పిండగలడు. కానీ ఆ మూడూ ముడుచుకోవు మామయ్యా, డాక్టరు ఏప్రిల్లోనే చెప్పేశారు, ఇంతకంటే రాదని. అందుకే సెమీ ఆటోమేటిక్. ఒకసారి నొక్కితే ఒక తూటా, తర్వాతది దానంతట అదే ఎక్కి కూర్చుంటుంది. లాగేదేం లేదు.

…అదేం మాట. చేతిలో నాలుగు తూటాలున్నాయని నాలుగూ కాల్చేస్తాడా? మీ అబ్బాయి వాఫిల్ మీద పాకం కూడా చుక్క చుక్క లెక్క చూసి పోసుకుంటాడు.

…సరే, ఏం కొన్నానో వినండి ముందు. తర్వాత తిట్టండి.

మొదట హైవే మీద పెద్ద దుకాణానికి వెళ్ళాను. అక్కడి కుర్రాడు నల్లటిది ఒకటి తీశాడు, సైన్యం వాళ్ళ దగ్గర ఉంటుందే, అలాంటిది. తేలిక, చవక, భుజాన్ని అసలు తన్నదన్నాడు. నాకు నచ్చింది కూడా. కానీ అది పట్టుకుని గారెట్ వేట క్యాంపులోకి నడిచొస్తుంటే మీ ముఖం ఎలా ఉంటుందో గుర్తొచ్చింది.

…అదే, ఇప్పుడు పెట్టారే, ఆ ముఖమే.

రెండో చోట కొత్తది, కలపది, అందమైనది. పన్నెండొందల డాలర్లు. తాకి చూసి, థాంక్యూ అని చెప్పి వచ్చేశాను.

అప్పుడు ఎవరో చెప్తే ఈ ఓపల్ గారి కొట్టు. పశువుల దాణా కొట్టు వెనక చిన్న గది. ఆవిడకి డెబ్భై దాటుంటాయి. దేనికమ్మా అన్నారు. జింకకి, తుప్పల్లో, ముప్ఫై గజాల్లో, సీడార్ చెట్ల చిత్తడిలో అన్నాను. ఎక్కడి చిత్తడి అన్నారు. లెహ్తో వాళ్ళ క్యాంపు అన్నాను. ‘ఓ, ఆర్వో వాళ్ళా’ అని ఒకసారి నవ్వారు. మీ పేరు చెప్పి ఎందుకు నవ్వారు మామయ్యా?

…సరే, ఆ కథ ఇంకోసారి చెబుదురుగాని.

ముందు ఒక పాతది చూపించారు. మూడొందల డాలర్లే. నేను పర్సు తీయబోతుంటే ఆవిడే ఆపి, లోపల పట్టాలు అరిగిపోయాయి చూడు, మూడో తూటాకి ఇరుక్కుపోతుంది, నిన్ను పరీక్షిద్దామని చూపించానంతే అన్నారు. తర్వాత ఇంకోటి, చాలా పెద్ద తూటాది, భుజం ఊడేలా తన్నేది. పక్కన పెట్టేశారు. మూడోది ఇది. త్రీ-నాట్-ఎయిట్ తూటాది. గొట్టం పొట్టిది, కొమ్మల్లో చిక్కుకోదు. భుజానికి ఆనే చివర రబ్బరు మెత్త ఉంది. మ్యాగజైన్లో నాలుగు తూటాలే పడతాయి, మన వేట రూలు ఆరు దాటకూడదనేగా. కర్ర మీద ఒక పొడుగాటి గీత ఉంది, ఎవరో కంచె దాటుతూ గీసుకున్నట్టున్నారు. నాలుగొందల ఎనభై.

…తూటాలు కాకుండా.

…అందుకే మామయ్యా, అది కూడా అడిగాను. మీరన్న మాటే అన్నాను, ‘మా మామగారు లావు తూటా అయితే తుప్పల్ని చీల్చుకుని వెళ్తుందంటారు’ అని.

…ఏమన్నారంటే… కోపం తెచ్చుకోకండి మరి. ‘మా ఆయనా అదే అనేవాడు. ఆయన పోయాక మా ఇంటి వెనక తుప్పల అవతల చెక్క నిలబెట్టి లావువీ సన్నవీ అన్నీ కాల్చి చూశాను. ఏదీ కుదురుగా వెళ్ళలేదు. పొదని చీల్చే తూటా లేదమ్మా. సందు దొరికేదాకా ఆగాలి, దొరకగానే తుపాకీ భుజానికి రావాలి’ అన్నారు.

…

…ఉన్నారా?

…ఆలోచిస్తున్నారా. సరే, ఆలోచించండి. నేను పేస్టీ తింటాను.

…

…భుజానికి వస్తుందో లేదో చూశాం కదా. ఆవిడ అడిగారు, ఆయన చలికోటు తెచ్చావా, కోటు లావుని బట్టి పొడుగు మారుతుంది అని. ట్రక్కులోంచి గారెట్ నారింజ రంగు కోటు తెచ్చి వేసుకున్నాను. చేతులు ఇంత కిందకి వేలాడుతున్నాయి. కట్టెల పొగ వాసన, మీ అబ్బాయి వాసన. కొట్టులో ఉన్నవాళ్ళంతా చూస్తున్నారు, నేనేమో కాలరు వాసన చూస్తూ నిలబడ్డాను. ఆవిడ కళ్ళు మూసుకోమన్నారు. ఖాళీ తుపాకీ అని మూడుసార్లు చూపించి, గోడ వైపు ఎత్తమన్నారు. ఎత్తి కళ్ళు తెరిస్తే గురి సరిగ్గా కంటి ముందే ఉంది. వెతుక్కోనక్కర్లేదు. నాకే అలా ఉంటే గారెట్‌కి ఇంకెలా ఉంటుంది. ఆయన నాకంటే నాలుగంగుళాలు పొడుగన్నాను, అది విని ఆవిడే చెప్పారు, ఇంకా బాగా కుదురుతుందని.

…అబ్బా, ఒక మంచి మాట అన్నారు. థాంక్యూ మామయ్యా.

…తాళం పెట్టెలోనే ఉంది. తూటాలు వేరే.

…

…అవును. అది నిజమే.

…తెలుసు. ఈసారి వేటకి రానన్నాడు. నాతో కూడా అన్నాడు. వేట మొదలయ్యే పదిహేనో తారీకు ఇంకా అయిదు రోజులుంది, ఊళ్ళో మగాళ్ళంతా బూట్లకి నూనె రాస్తుంటే ఈయన హార్డ్‌వేర్ కొట్టులో ఆ రోజుకి కావాలని డ్యూటీ వేయించుకున్నాడు. పదేళ్ళప్పట్నుంచి ఒక్క ఏడూ మానలేదట కదా.

…తుపాకీ కొంటే వస్తాడని నేననలేదు.

…మామయ్యా, నేను ఇవాళ ఫోన్ చేసింది తుపాకీ గురించి మాత్రమే కాదు. చాలా అలిసిపోయాను, ఇవాళ చెప్పకపోతే ఇంక చెప్పలేను. మీరు కూర్చోండి.

…ఆ బల్ల మీదే కూర్చోండి, పరవాలేదు.

పోయిన ఆదివారం పాత బట్టలు చర్చికి ఇద్దామని సంచిలో వేస్తున్నాను. గారెట్‌ది ఎర్ర గళ్ళ ఉన్ని చొక్కా ఒకటి వేశాను. సంచి మూతి కట్టేలోపు వచ్చి ఆ చొక్కా ఒక్కటీ తీసుకెళ్ళి మళ్ళీ అల్మారాలో పెట్టాడు. ఏంటిది, చినిగిపోయిందా అని చూస్తే, ఎక్కడా చినగలేదు. కింది అంచు నిండుగా ఉంది. అదే బాధ అన్నాడు.

…

…మీకు అర్థమైంది.

…నాకు అప్పుడు అర్థం కాలేదు. మావాళ్ళు చేపలు పట్టేవాళ్ళు కదా, మాకీ ఆచారాలు తెలియవు. పెళ్ళికి ముందు మీరే నన్ను క్యాంపుకి తీసుకెళ్ళి ఆ గోడ చూపించారు. గురి తప్పినవాడి చొక్కా కింది అంచు ఆ రాత్రే కోసి, పేరూ ఏడూ రాసి మేకు కొడతామని. పదిహేడు ముక్కలు లెక్కపెట్టాను. మూడు మీవి. రెండు వైనో తాతగారివి. గారెట్‌ది ఒకటి పన్నెండేళ్ళప్పటిది, నీలం రంగు, నా అరచెయ్యంత. ఎంత గర్వంగా చూపించారో మీరు దాన్ని.

కిందటేడు గారెట్ గురి తప్పింది. ఆ పెద్ద కొమ్ముల జింక, ముప్ఫై గజాల్లో. మొదటి తూటా కొమ్మకి తగిలి ఎటో పోయింది. జింక అక్కడే నిలబడి చూస్తోందట మామయ్యా. ఈయన లీవర్ లాగడానికి చూస్తున్నాడు, వేళ్ళు రావడం లేదు. ఎడం చేత్తో లాగబోయాడు. అది ఇంకొంచెంసేపు నిలబడి, తాపీగా నడిచి వెళ్ళిపోయిందట.

…అదంతా మీకు చెప్పలేదా? …తప్పిందని మాత్రమే చెప్పాడా.

…సాయంత్రం క్యాంపుకొచ్చి తనే చెప్పాడు, తప్పిందని. చెప్పి, కోటు విప్పి, చొక్కా అంచు ప్యాంటులోంచి బయటికి లాగి నిలబడ్డాడట. మీ తమ్ముడు కత్తెర తీశారు. మీరు ఆయన చేతిలోంచి తీసుకుని సొరుగులో పెట్టేశారు. మీరు లేచి మాంసంలో పెద్ద ముక్క ఆయన పళ్ళెంలో వేశారు.

…

…నేనేం అనడం లేదు మామయ్యా. మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. ఆయన నాతో అన్న మాట చెప్తున్నాను, అంతే. ‘చెయ్యి పోయినందుకు కాదు మెరిన్. అందరిలాగే నాదీ తప్పింది. కానీ నా చొక్కా కోయలేదు. రోగికి పెట్టినట్టు పళ్ళెంలో ముక్క పెట్టారు. నేనింక ఆ గోడ మీద లేను.’

…

…ఉన్నాను. ఉన్నాను మామయ్యా. మీకు ఎంతసేపు కావాలంటే అంతసేపు.

…

…ఏమన్నారూ? మళ్ళీ చెప్పండి, హీటర్ చప్పుడు. …ఆపేశాను, ఇప్పుడు చెప్పండి.

…

…‘రంపం పట్టుకుంది నేను. వాడి చెయ్యి తీసింది నేను. చొక్కా కూడా నేనే ఎలా కోస్తాను’… అందుకా.

…

…మామయ్యా. వినండి. మీరు కోస్తున్న ఆ చెట్టు తిరిగి ఆయన చేతి మీద పడింది. గారెట్ ఎప్పుడూ, ఒక్కసారి కూడా, మీ పేరు చెప్పలేదు. గాలి మళ్ళింది అంటాడు, అంతే. ఆ తుపాకీ ఎందుకు వదలరో కూడా నాకిప్పుడు అర్థమైంది. తాతగారి తుపాకీ చేతిలో ఉంటే ఏమీ జరగనట్టే ఉంటుందని, కదూ.

…జరిగింది మామయ్యా. జరిగినా బాగానే ఉన్నాం. పొద్దున కాఫీ కప్పు ఎడం చేత్తో పట్టుకుని నా కప్పుకి తగిలిస్తాడు, రోజూ. నాకు అంతే చాలు. కానీ ఆయనకి ఆ గోడ కావాలి. అది నేను ఏ కొట్టులోనూ కొనలేను. మూడు కొట్లు తిరిగాను, ఎక్కడా అమ్మడం లేదు.

…

…ముక్కు తుడుచుకోండి. …ఏడ్చేది మీరు కాకపోతే గరాజ్‌లో ఇంకెవరున్నారు మరి.

…అడగండి.

…నేనూ అదే అనుకున్నాను, ఇప్పుడైనా కోయచ్చని. ఏడాది ఆలస్యం అయితే ఏంటి. గోడ మీద ఏడు రాస్తారుగా, కిందటేడే రాయండి. నిజం అదేగా.

…రేపు శనివారం. ఆయనకి సెలవు. తుపాకీ గురి సరి చూసుకోవాలి ఎలాగూ. ఉదయం ఏడున్నరకి కంకర గుంట దగ్గరికి రండి. మీ దగ్గర కాగితం పళ్ళాలున్నాయిగా, పెళ్ళిలో మిగిలినవి? అవి తెండి, గురికి యాభై గజాల్లో పెడదాం. నేను కట్టెలు చూసొద్దామని చెప్పి తీసుకొస్తాను. అబద్ధమాడటం నాకు చేతకాదు, దారిలోనే పట్టేస్తాడు. పట్టేసినా వస్తాడు, నేను దాలుచిని రొట్టె చేస్తున్నాగా.

…మొదటి తూటా మీరు కాల్చండి. ‘పనికిరాదు’ అని మీరే అనండి, అప్పుడు ఆయనే మీ చేతిలోంచి లాక్కుంటాడు.

…ఆ, అక్కణ్ణుంచి క్యాంపు రెండు మైళ్ళేగా. పొయ్యి వెలిగిద్దాం, ఆవిరి స్నానానికి సౌనా కూడా. నా కాళ్ళకి వారం రోజుల చలి పట్టింది.

…చొక్కా నేను తెస్తాను. ఇస్త్రీ కూడా చేయను. మీరు ఆ సొరుగులో కత్తెర తీసి పెట్టండి. అత్తయ్యది కాదు, ఆ తుప్పు పట్టిందే. అది కోస్తేనే లెక్క.

…మీరే కోయాలి. మీ తమ్ముడు కాదు, నేను కాదు. మీరే.

…

…కొంచెమా? కాదు మామయ్యా. అందరికీ ఎంత కోస్తారో అంత. ఒక్క అంగుళం కూడా తగ్గించకండి.

…

…ఊఁ. …ఊఁ.

…ఏంటీ, మేకులా? అయిపోయాయా క్యాంపులో?

…మీ అబ్బాయి హార్డ్‌వేర్ కొట్టులో పనిచేస్తాడు, ఆ మాత్రం నేను తీసుకురాలేనా. రెండు తెస్తాను, గట్టిగా ఉంటుంది. …సరే మామయ్యా. రేపు ఏడున్నర. ఉంటాను.